మోటారుకో ఎర్తింగు

స్పీకర్లోంచి పాట రాకపోతే జనం ఓర్చుకుంటారు. పాటతో పాటు ఇంకేదో వస్తే మాత్రం ఓర్చుకోలేరు. నా ఉద్యోగమంతా ఈ రెండో రకం వాళ్ళ ఇళ్ళలోనే గడిచింది. ఏలూరులో ఒక సౌండ్ సిస్టముల షాపులో సర్వీసు మెకానిక్కుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే మెడలో దండ వేయించుకుని బయటికి వచ్చాను. ఈమధ్య ఆ షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇంటికొచ్చి, మీ అనుభవం ఏదైనా చెప్పండి సార్ అన్నారు. బోర్డు పీకి బోర్డు పెట్టేవాళ్ళకి అనుభవం దేనికో నాకు తెలియదు. అడిగారు కాబట్టి చెబుతున్నాను.

హమ్ అంటే ఏమిటో ముందు చెప్పేస్తాను. కరెంటు తనకు పనిలేని చోట దూరి గొణుక్కోవడమే హమ్. కుండలో తుమ్మెద పడ్డట్టు గుమ్మని ఒకటే మోత. నేను చూసిన హమ్‌లలో ముప్పాతిక మువ్వీసం వాటికి కారణం వట్టి వెధవ కారణం. ఒక వదులు స్క్రూ, వైరు లోపల ఒక తెగిన అల్లిక, ఒక తెలివితక్కువ మనిషి. ఒక్కసారి మాత్రం ఆ మోత వెనకాల ఓ మనిషి ప్రాణం ఉంది. అక్కడున్న వాళ్ళలో పాట పాడైపోతోందని బాధపడనివాడు లేడు, మనిషి సంగతి పట్టినవాడూ లేడు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అవి రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చేశాయి. రొయ్య మంచి ధర పలుకుతోంది. కైకలూరు అవతల ఒక ఆసామికి రొయ్యల చెరువులు ఉండేవి. చెరువు గట్టు మీదే గెస్ట్‌హౌస్ కట్టించాడు. నున్నటి పాలరాయి, చల్లటి ఏసీ, గోడకి కొమ్ములతో సహా ఒక ప్లాస్టిక్ జింక తల. ఇన్ని ఉన్నాక పాటలు లేకపోతే ఎలా? అందులోనూ అందరి ఇళ్ళలో ఉండే సీడీ ప్లేయరు ఆయనకు ఆనదు. రికార్డ్ ప్లేయరు కావాలన్నాడు, ప్లేటు గిర్రున తిరుగుతూ సూది మీద పాడేది.

ఆ ముక్క ఆయన బుర్రలో పుట్టింది కాదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం చేసే స్నేహితుడు ఎక్కించాడు. ఈయన మూట విప్పకుండానే లోపల ఎన్ని పాయలు కుళ్ళాయో చెప్పగలడని మార్కెట్లో పేరు. ఆ విద్య పాటల మీద కూడా పనిచేస్తుందని ఆయన నమ్మకం. ఎక్కడినుంచో విదేశీ పత్రికలు తెప్పించుకుని బొమ్మలు చూసేవాడు. “సీడీలో పాట చచ్చిపోద్దండీ. ప్లేటులో అయితే బతికుంటది” అనేవాడు. పాట బతికుండటం గురించి అంత బెంగపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆసామి తండ్రిగారు నాటకాల పిచ్చివారట. పౌరాణిక పద్యాల ప్లేట్లు ట్రంకు పెట్టె నిండా వదిలి వెళ్ళారు. ఆయన బతికున్నంత కాలం కొడుకు వాటిని తాకి ఎరగడు. ఇప్పుడు ఊరి పెద్దల్ని, రొయ్య పిల్లలమ్మే సీడ్ కంపెనీ వాళ్ళని, మేత డీలర్లని పిలిచి, వాళ్ళకి కొర్రమీను పులుసుతో భోజనం పెట్టి, నాన్నగారి పద్యాలు వినిపించాలని సరదా పుట్టింది. ప్లేయరు, యాంప్లిఫయరు, స్పీకర్లు మా షాపులోనే కొన్నాడు.

బిగించడానికి వెళ్ళింది నేను కాదు, నా సహోద్యోగి. నాతో పాటే చేరిన మనిషి. చేతి వేగం, నోటి వేగం రెండూ ఎక్కువ. ఏ ఇంటికెళ్ళినా ముందు కాఫీ తాగి తర్వాత జబ్బు కనుక్కునేవాడు, ఒక్కోసారి కాఫీతోనే సరిపెట్టేవాడు. రికార్డ్ ప్లేయరు వెనక నుంచి పాట వచ్చే తీగలతో పాటు ఒక సన్నటి ఎర్తు వైరు కూడా వేలాడుతుంది. దాన్ని యాంప్లిఫయరు వెనకున్న చిన్న స్క్రూకి బిగించాలి. అంతే, ఇంకేం లేదు. మావాడు ఆ వైరు చూశాడు. చివర పిన్ను లేదు కాబట్టి అక్కర్లేనిదనుకున్నాడు. ముచ్చటగా చుట్ట చుట్టి, నల్లటేపు వేసి, వెనక్కి తోసేసి, పులుసుతో భోంచేసి వచ్చాడు.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పద్యం కింద గుమ్మని మోత. మా మేనేజరుకి కంప్లయింటు అంటే ఒకటే అర్థం, అది మూసెయ్యాలి. జబ్బు తగ్గిందా లేదా అనేది ఆయన దృష్టిలో వేరే శాఖ. మావాణ్ణే మళ్ళీ పంపించాడు. ఈసారి వాడు యాంప్లిఫయరు మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తుది, పై కాలు విరగ్గొట్టాడు. మా వృత్తిలో ఇది పాత పాపం. ఎర్తు తీసేస్తే మోత కాస్త తగ్గుతుంది, దానితో పాటు మనిషి రక్షణ కూడా పోతుంది. మోత కొంచెం తగ్గింది. యాంప్లిఫయరు ముట్టుకున్న ఆసామి వేళ్ళు మాత్రం చురుక్కుమన్నాయి.

అప్పుడు గూడెం స్నేహితుడు రంగంలోకి దిగాడు. వైర్లు నేలకి తగిలితే నేల శబ్దాన్ని తాగేస్తుందట. అందుకని టేకు చెక్కముక్కలు కోయించి, వాటి మీద పట్టుదారాలతో వైర్లను ఊయల కట్టించాడు. బారసాల జరుగుతోందేమో అనిపించేట్టు ఉంది వ్యవహారం. మోత తగ్గలేదు. “ముందుకంటే ఎంతో నయమండీ, గొంతులో తడి వచ్చింది” అన్నాడట. ఆసామి కూడా అవునవును అన్నాడట.

చివరికి చెరువుల మీద మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. అసలు కథ ఇక్కడే ముదిరింది. రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఉంటాయి. మోటారు తిప్పితే రెక్కల చక్రాలు నీటిని చిలుకుతాయి, లేకపోతే రొయ్యకి ఊపిరాడదు. అక్కడ వాళ్ళ ఆనవాయితీ ఏమిటంటే, మోటారుకో ఎర్తింగు. గట్టు మీద ఒక్కో మోటారుకీ ఒక్కో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, రాడ్డు పాతుతారు. చెరువు వరకు అది మంచి అలవాటే. ఈ మహానుభావుడు రికార్డ్ ప్లేయరు చుట్టూ తిరిగి చూశాడు. టేపు వేసి చుట్టిన వైరు దొరికింది.

“ఇదేంటండీ, ఎర్తు వైరు ఊరికే వదిలేశారు? ఇందులోనూ మోటారుంది గదండీ! మోటారుకో ఎర్తింగు ఇవ్వకపోతే ఎలాగండీ?” అన్నాడట.

పళ్ళేన్ని తిప్పే ఆ బొటనవేలంత మోటారుకి చెరువు గట్టున, నీటి అంచున, నిలువు లోతు గొయ్యి తీశారు. బొగ్గు బస్తా, ఉప్పు బస్తా పోశారు. యాంప్లిఫయరుకి కొత్త ప్లగ్గు పెట్టి, దానికి వీధి వైపు ఇంకో గొయ్యి తీశారు. ఒకే చోట కలవాల్సిన రెండు ఎర్తులు గెస్ట్‌హౌస్‌కి అటొకటి, ఇటొకటి అయ్యాయి. మోత రెట్టింపయింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా, ఎలక్ట్రీషియన్ ఇంకో బస్తా ఉప్పు పోయించాడు.

ఇంతలో విందు రోజు ముంచుకొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు, తర్వాత పద్యాలు. మేనేజరు నన్ను పిలిచి, “మీరు కూడా వెళ్ళండి. మోత ఆగినా ఆగకపోయినా ఆయన సంతకం పెట్టాలి” అన్నాడు. నేనూ మావాడూ పొద్దున్నే ఏలూరులో బస్సెక్కాం. దారి పొడుగునా వాడు తన తప్పేమీ లేదని చెబుతూనే ఉన్నాడు, నేను కిటికీ బయట చెరువులు లెక్కపెట్టుకుంటూ వినడం మానేశాను.

మేం వెళ్ళేసరికి ఆకాశం మబ్బు పట్టి, ఆకు కదలకుండా ఉక్కగా ఉంది. అలాంటి రోజున నీళ్ళలో గాలి తగ్గిపోతుందట. ఏరేటర్లన్నీ పట్టపగలే తిరుగుతున్నాయి. వంటింటి వెనక కాపలాదారు భార్య కొర్రమీనులు బాగుచేస్తోంది. ఆవిడే మాకు టీ ఇచ్చింది. కాపలాదారు లుంగీ తొడల దాకా ఎగ్గట్టి, తడి కాళ్ళతో వచ్చి నిలబడ్డాడు. రెక్కలకి నాచు చుట్టుకున్నప్పుడల్లా నీళ్ళలోకి దిగి తీయడం అతని పని.

“ఏవండీ, కరెంటోళ్ళాండీ మీరు?” అన్నాడు.

“పాటల వాళ్ళం” అన్నాడు మావాడు.

“ఆయ్. అయితే ఒద్దులెండి.”

“ఏమిటో చెప్పవయ్యా” అన్నాను.

“నీళ్ళలో దిగితే కాళ్ళు జిల్లుమంటన్నాయండి. చీమలు పాకినట్టుంటాందండి. ఆ తూరుపు మూల ఏరేటరు కాడికి పోతే మరీనండి. నిన్న పిక్క పట్టేసిందండి, కర్ర పట్టుకుని ఎలాగో పైకొచ్చానండి.”

వసారాలో వాలుకుర్చీలోంచి ఆసామి నవ్వాడు. “ఆడి మాటలకేం గానీ మాస్టారూ, మీరు లోపలికి రండి. రాత్రి ఏసుకున్నది దిగకపోతే ఎవడికైనా జిల్లుమనే ఉంటది.”

కాపలాదారు తల వంచుకున్నాడు. అతని భార్య చేప మీంచి కళ్ళెత్తలేదు. “మా ఆయన ముట్టడండి. మందిరంలో ప్రమాణం చేసి మానేశాడండి” అంది, చేపతో చెబుతున్నట్టు.

లోపలికి వెళ్ళాం. గూడెం స్నేహితుడు పట్టుదారాల ఊయలలు సర్దుతున్నాడు. మావాడు స్విచ్చు వేశాడు. అబ్బో, ఆ మోత! వైరు ఎక్కడికి పోతోందా అని చూశాను. కిటికీలోంచి బయటికి, గట్టు దాటి, నీటి అంచు దాకా పోయింది. మావాడు కూడా చూశాడు. వాడు సోమరేగానీ తెలివితక్కువవాడు కాదు. నా చెవిలో, “ఆ వైరు పీకి యాంప్లిఫయరు స్క్రూకి బిగించేస్తే అయిపోద్ది గురూ. టీ చల్లారేలోగా పనైపోద్ది” అన్నాడు.

నిజమే, అయిపోతుంది. నేనూ స్క్రూడ్రైవర్ తీశాను. ఎందుకో ఒకసారి మీటరు పెట్టి చూద్దామనిపించింది. చెరువు వైపు వైరుకీ, యాంప్లిఫయరు ఒంటికీ మధ్య పెట్టాను. రెండూ ఎర్తులే. రెండూ భూమే. వాటి మధ్య సూది లేవకూడదు. లేచింది. కాస్త కూస్త కాదు, నేను మీటరు పాడైందేమోనని ఇంకోచోట పెట్టి చూసుకునేంత లేచింది.

చెరువు నీళ్ళలోకి ఎక్కడో కరెంటు కారుతోంది. నీటి అంచున పాతిన రాడ్డు దాన్ని అందుకుని ఇంట్లోకి మోసుకొస్తోంది. వీళ్ళందరూ చెక్కముక్కలూ ఉప్పు బస్తాలూ వేసి నోరు మూయించాలని చూస్తున్నది ఆ కబురునే. కాపలాదారు కాళ్ళకి తెలిసింది, స్పీకరుకి తెలిసింది. మధ్యలో ఉన్న పెద్దమనుషులకే తెలియలేదు. నిన్న పిక్క పట్టేసింది, రేపు గుండె పట్టేస్తుంది. ఆ చుట్టుపక్కల చెరువుల్లో అలా పోయినవాళ్ళ గురించి వినని వాళ్ళు ఎవరూ లేరు, ఆ ఆసామితో సహా.

వసారాలోకి వెళ్ళి చెప్పాను. “చెరువులో కరెంటు లీకవుతోందండీ. ఏరేటర్లు ఆపించి, ఒక్కొక్క మోటారూ చూడాలి. అందాకా ఎవర్నీ నీళ్ళలో దించకండి.”

ఆసామి నా వంక జాలిగా చూశాడు. “మాస్టారూ, ఇవాళ మబ్బు. ఏరేటరు ఆపితే రొయ్య గాలందక పైకి తేలి తల ఎత్తేస్తది. ఒకసారి తల ఎత్తిందంటే ఇక చూసుకోనక్కర్లేదు. పాట బాగుచేయమని పిలిస్తే చెరువు బాగుచేస్తానంటారేంటండీ?”

“మనిషి పోతాడండీ.”

“ఇన్నాళ్ళూ పోలేదుగా?”

గూడెం స్నేహితుడు తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. “మోత పట్టుకోలేకపోతే పట్టుకోలేదని చెప్పండి, ఏమీ అనుకోం. చెరువు మీద పెడతారేంటండీ? పాటకీ రొయ్యకీ ఏం సంబంధం?”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. నేను ఎలక్ట్రీషియన్‌ని పిలిపించమన్నాను. భీమవరం పెళ్ళికి వెళ్ళాడు, రేపు వస్తాడు అన్నారు. షాపు తరఫున చెబుతున్నానన్నాను. “మీ మేనేజరుతో మాట్లాడతాలెండి” అన్నాడు ఆసామి. మా మేనేజరు ఆయనతో ఏం మాట్లాడతాడో నాకు తెలుసు. మావాడు నా చొక్కా లాగుతూ, “మనకెందుకు గురూ, వైరు మార్చేసి పోదాం పద” అంటున్నాడు.

అంతలో గట్టు మీంచి ఎవరో కేకేశారు. తూర్పు మూల ఏరేటరు రెక్కలకి నాచు చుట్టుకుందట, చక్రం మూలుగుతోందట. ఆసామి కుర్చీలోంచి లేవకుండానే కాపలాదారుతో, “దిగి తీసెయ్యరా. కార్లొచ్చే టైమయింది” అన్నాడు.

కాపలాదారు కర్ర తీసుకుని గట్టు దిగాడు. నేను వెనకే పరిగెత్తాను. “దిగకు” అన్నాను. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు నీటి అంచున బురదలో పెట్టి ఆగిపోయాడు. నా వంక చూశాడు, ఆసామి వంక చూశాడు. తిండి పెట్టే మనిషి ఒక మాట, దారినపోయే వాడు ఒక మాట చెబుతున్నారు. వంటింటి వెనక అతని భార్య కత్తిపీట మీంచి లేచి నిలబడింది. చేతులకి చేప నెత్తురు.

“దిగరా!” అన్నాడు ఆసామి.

ఆ క్షణాన నాకు ఎందుకు తోచిందో తెలియదు. కోపంలోంచే తోచి ఉంటుంది. గట్టు మీంచే గట్టిగా అరిచాను.

“దిగితే హమ్ పెరిగిపోద్దండీ! మనిషి నీళ్ళలో దిగాడంటే ఇక ఇవాళంతా తగ్గదు. పద్యం ఒక్క ముక్క వినపడదు!”

ఆసామి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “ఆగరా!” అని ఒక్క కేక పెట్టాడు. “ఎక్కు! గట్టెక్కు ముందు!”

మనిషి పోతాడంటే కుర్చీ కదల్లేదు. పద్యం పోతుందనేసరికి లేచి నిలబడ్డాడు. నేను చాలామంది పెద్దమనుషుల్ని చూశాను, ఇంత తేలిగ్గా లోపలి సరుకు బయటపెట్టినవాణ్ణి మాత్రం చూడలేదు.

దారి దొరికాక నేను వదల్లేదు. “మోత చెరువులోంచే వస్తోందండీ. ఏరేటర్లు ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోతే ఏది ఆపినప్పుడు తగ్గుతుందో అదే దొంగ. దాన్ని పట్టుకుంటే ఇవాళ నాన్నగారి గొంతు అద్దంలా వినపడుతుంది” అన్నాను. ఆ ప్లేట్లలో ఉన్నది ఆయన నాన్నగారి గొంతు కూడా కాదు. అయినా ఆసామి సరిచేయలేదు. గూడెం స్నేహితుడు కాసేపు గడ్డం నిమురుకుని, “అవునండీ, నేల శబ్దాన్ని తాగేస్తుందని నేను ముందే చెప్పానుగా” అన్నాడు.

మావాడు మాత్రం నోరు తెరిచాడు. “అదేంటి గురూ, ఆ వైరు తీసి స్క్రూకి...” అనేలోపు వాడి పాదం మీద నా చెప్పు కాలు వేసి, నా బరువంతా దాని మీద మోపాను. వాడు “అమ్మో” అన్నాడు. ఆసామి ఏమిటని అడిగితే, కాలు బెణికిందన్నాను. తర్వాత వాడు చాలాసేపు కుంటుతూ తిరిగాడు. ఆ కుంటడంలో కాస్త నటన కూడా ఉందని నా అనుమానం.

నన్ను స్పీకరు దగ్గర కూర్చోబెట్టి, గట్టు మీద స్టార్టర్ల దగ్గరికి మనుషుల్ని పంపారు. ఒక ఏరేటరు ఆపారు. మోత అలాగే ఉంది. దాన్ని వేసి ఇంకోటి ఆపారు. ఆసామి వసారాలో నిలబడి కేకలు వేస్తున్నాడు, లోపల స్నేహితుడు కళ్ళు మూసుకుని చెవి స్పీకరుకి ఆనించాడు. తూర్పు మూల ఏరేటరు ఆపగానే మోత సగానికి పైగా పడిపోయింది. నేను చెప్పక్కర్లేకపోయింది. “తగ్గింది! తగ్గింది!” అని గూడెం ఆయన పిల్లాడిలా గంతేశాడు.

కరెంటు పూర్తిగా ఆపించి, ఫ్యూజులు నా జేబులో వేసుకుని, ఆ ఏరేటరు కేబులు గట్టు మీదికి లాగించాను. నీటి మధ్యలో మునిగి ఉండే చోట ఒక జాయింటు బయటపడింది. దాని చుట్టూ టేపు కూడా లేదు. మేత సంచి ప్లాస్టిక్ చింపి చుట్టి, కొబ్బరి తాడుతో కట్టారు. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది. రోజూ ఒక మనిషి నడుం లోతున తిరిగే నీళ్ళలో అది ఎన్నాళ్ళుగా మునిగి ఉందో. ఎవరు కట్టారని అడిగాను. ఎవరూ కట్టలేదు. సూపర్‌వైజరు కాదు, మోటార్లు ఎక్కించినవాళ్ళు కాదు, ఎలక్ట్రీషియన్ పెళ్ళిలో ఉన్నాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం అని ఊరికే అన్నారా మనవాళ్ళు?

కాపలాదారు ఆ జాయింటు వైపు చాలాసేపు చూశాడు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆసామి మనిషి కైకలూరు బజారుకి మోటారు సైకిలు మీద దూసుకుపోయి కొత్త కేబులు తెచ్చాడు. ఒకటే ముక్క, జాయింటు లేకుండా. ఒక మనిషి కాళ్ళు జిల్లుమంటున్నాయని మొత్తుకున్నన్ని రోజులూ దొరకని కేబులు, పద్యం కోసం విస్తళ్ళు వేసే లోపల వచ్చేసింది. అది బిగించి, మిగతా కేబుళ్ళు కూడా లాగించి చూసి, ఏరేటర్లు వేయించాను. రొయ్య తల ఎత్తలేదు. ఎత్తినా నేను పెద్దగా బాధపడి ఉండేవాణ్ణి కాదు.

ఇంకా కొంచెం మోత మిగిలింది. అతిథులు చేతులు కడుక్కుంటున్నప్పుడు నేను దుమ్ము తుడుస్తున్నట్టు వంగి, ఆ చెరువు వైరు పీకేసి, సన్న వైరు తీసి యాంప్లిఫయరు స్క్రూకి బిగించాను. మొదటి రోజే చేయాల్సిన పని. గది నిశ్శబ్దమైపోయింది. మావాడు నా వంక చూసి నవ్వాడు.

పద్యాలు మొదలయ్యాయి. పాత గొంతు, పెద్ద రాగం. మేత డీలర్లు రెండో పద్యానికే ఫోన్లు తీశారు. సీడ్ కంపెనీ ఆయన పులుసు బాగుందన్నాడు. గూడెం స్నేహితుడు మాత్రం అందరికీ పట్టుదారాలు చూపించి, హమ్ ఎలా పోయిందో వివరించాడు. ఆసామి కొత్త కేబులు కంపెనీ పేరు చెప్పాడు. వెళ్ళేటప్పుడు కాపలాదారు భార్య మాకు దోసిలి నిండా జామకాయలు ఇచ్చింది.

“ఆ గుమ్మనేది ఆగిందాండీ?” అంది.

“ఆగిందమ్మా.”

“మా ఆయన ఇందాక దిగి చూశాడండి. కాళ్ళు ఏమీ అనలేదంటండి. పోయిన ఆదివారం మందిరంలో ప్రార్థన చేయించానండి” అంది.

ఆ రోజు విన్న కారణాలన్నిట్లో నాకు ఆవిడ చెప్పిందే నచ్చింది.

మర్నాడు మేనేజరు తిట్టాడు. వైరు మార్చే పనికి రోజంతా పట్టించానట. మావాడు బస్సు దిగకముందే సంగతి మోసినట్టున్నాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా మంచిదే అయింది, ఎందుకంటే నా అబద్ధం నాకంటే వేగంగా ప్రయాణం చేసింది. చెరువులో జాయింటు బాగోకపోతే ఇంట్లో పాట బాగోదని ఆసామి ఆ చుట్టుపక్కలంతా చాటాడు. ప్రతి గట్టు మీదా ఒక గెస్ట్‌హౌస్, ప్రతి గెస్ట్‌హౌస్‌లో ఒక హోమ్ థియేటరు వస్తున్న రోజులవి. కొత్త సిస్టము కొన్నవాడల్లా ముందు చెరువు కేబుళ్ళు లాగించి చూసుకోవడం మొదలుపెట్టాడు. టీవీ బొమ్మ కదిలితే చెరువు జాయింటు, ఫోనులో గరగరమంటే చెరువు జాయింటు. నన్ను తిట్టిన మేనేజరే కొనేవాళ్ళతో, “చెరువు లైను ఒకసారి చూపించుకోండి సార్, సౌండు బాగుంటుంది” అని చెప్పడం నేను చెవులారా విన్నాను.

కుర్రాళ్ళూ, మీలో ఎవడో ఒకడు అటు సర్వీసుకి వెళ్తాడు. ఫోనులో చూసి నేర్చుకున్న చదువుతో, చెరువుకీ పాటకీ ఏ సంబంధం లేదండీ, వైరు సరిగ్గా బిగిస్తే చాలు అని వాళ్ళకి బోధించబోతాడు. నోరు మూసుకుని రండి. మనిషి కోసం చేయమంటే చేయనివాళ్ళు సౌండు కోసం చేస్తున్నారు, చేయనివ్వండి.

రిటైరయ్యాక ఒకసారి కైకలూరులో ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆ కాపలాదారు కనిపించాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. సైకిలు స్టాండు వేసి, రెండు చేతులూ జోడించాడు.

“ఆయ్, పాటల సారుగారు కదండీ!”

బాగున్నావా అని అడిగాను. బాగున్నానన్నాడు. ఇంకా ఆ చెరువు మీదే ఉన్నాడట, ఇంకా నాచు తీస్తున్నాడట. నీళ్ళ సంగతి ఎలా ఉందన్నాను.

“మా అయ్యగారు పంట పంటకీ కేబుళ్ళు మార్పించేస్తారండి. చిన్న జాయింటు కూడా ఉండనివ్వరండి” అన్నాడు, ఎంతో గర్వంగా. “ఆయనకి పాటలంటే ప్రాణమండి.”

“అవునయ్యా” అన్నాను. “పాటలంటే ప్రాణమే ఆయనకి.”